మ్యాన్‌హోల్ మరణాలు: ‘మా మనిషి కాదు’ అన్న మాట చెల్లుతుందా?

మ్యాన్‌హోల్లో దిగి కూలీలు చనిపోయారన్న వార్త వచ్చిన ప్రతిసారీ అధికారుల నుంచి వినిపించే జవాబు ఒకటుంది: “వాళ్ళు మా సిబ్బంది కాదు, కాంట్రాక్టర్ తెచ్చుకున్నవాళ్ళు.” పరిహారం పేచీ అక్కడే మొదలవుతుంది.

మనుషులతో మలం ఎత్తించే పనిని 1993లోనే నిషేధించిన సంగతి అందరికీ తెలిసిందే. అసలు మలుపు అదే పనిపై వచ్చిన 2013 చట్టంలోని 7వ సెక్షన్. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ‘నేరుగా గానీ, పరోక్షంగా గానీ’ దింపకూడదంది. ‘పరోక్షంగా’ అన్న ఆ ఒక్క మాటతో కాంట్రాక్టర్‌ను అడ్డం పెట్టుకునే దారి మూసుకుపోయింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు, అత్యవసరమైనా సరే సామగ్రి లేకుండా దింపడం నేరమేనని, ఒక్కో చావుకు 10 లక్షలివ్వాలని చెప్పింది.

అయినా 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్‌లోని అయ్యప్ప సొసైటీ దగ్గర నలుగురు పోయారు. కాపాడబోయి దిగినవారూ అందులో ఉన్నారు. మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన కొడితే అది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనా తెలియదు. కిందివాడు పలకట్లేదని పైన తాడు పట్టుకున్నవాడు గాభరాగా దిగుతాడు. ఈ చావులు ఒకటితో ఆగనిది అందుకే.

2017లో హైదరాబాద్‌లో నీళ్ళు, మురుగు కాల్వల పని చూసే జలమండలి ఇరుకు గల్లీల్లోకి వెళ్ళే 70 మినీ జెట్టింగ్ మిషన్లను రంగంలోకి దించింది. మేలే జరిగింది. కానీ అవి నీటి ఒత్తిడితో చోకేజీని తోస్తాయి. అడుగున గట్టిపడ్డ సిల్ట్ (పూడిక), ఇటుక ముక్కలు బకెట్‌తో పైకి లాగాల్సి వస్తే మళ్ళీ మనిషే. పొద్దున అడ్డా మీద మాట్లాడుకున్న కూలీ పేరు ఏ మస్టర్‌లోనూ (హాజరు పట్టీలో) ఎక్కదు.

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యానికి కనీసం 20 లక్షలు. 2025 జనవరిలో హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు కాల్వల శుభ్రం ఆపాలని ఆదేశించింది.

అధికారులు ‘టెండర్‌లో భద్రత షరతులు రాశాం’ అంటారు. భార్యాపిల్లలు అడిగేది వేరు: ఆ పొద్దున పిలిచిందెవరు? ఏం పనని చెప్పారు? బెల్టు, మాస్కు ఇచ్చారా? ఇవి చెప్పగలిగినవాడు పక్కన తాడు పట్టుకున్న కూలీ ఒక్కడే. అతనూ దిగి ఉంటే, చెప్పేవాడే మిగలడు.