కాపలా వెళ్లిపోయినప్పుడల్లా: దక్షిణ చైనా సముద్రపు గొడవ వెనుక కథ

దక్షిణ చైనా సముద్రం మాటెత్తితే చాలు, ముందు ఆ సముద్రంలో చాలా భాగం తనదని చైనా చూపించే తొమ్మిది గీతల మ్యాపు బయటికొస్తుంది. నిజానికి అది కమ్యూనిస్టుల సృష్టి కాదు. 1947లో అప్పటి చైనాను ఏలుతున్న చియాంగ్ కై-షెక్ ప్రభుత్వం పదకొండు గీతలతో గీయించింది. తర్వాత అధికారంలోకి వచ్చిన మావో ప్రభుత్వం దాన్నే అందుకుని, 1950ల్లో టోంకిన్ సింధుశాఖలోని రెండు గీతలు చెరిపేసింది. ఆ గీతల లోపల తనది దీవులా, నీళ్లా, రెండూనా అన్నది బీజింగ్ ఇప్పటికీ విడమరచి చెప్పలేదు.

1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో యుద్ధంలో ఓడిన జపాన్ ఈ సముద్రంలోని పారాసెల్, స్ప్రాట్లీ దీవుల మీద హక్కు వదులుకుంది. ఎవరికి వదిలిందో మాత్రం అందులో రాయలేదు. బీజింగ్‌లోని మావో ప్రభుత్వాన్నీ, తైవాన్‌కు తరలిన చియాంగ్ ప్రభుత్వాన్నీ ఆ సమావేశానికి పిలవనే లేదు.

నా దృష్టిలో మ్యాపుల కన్నా తేదీలే ఎక్కువ చెబుతాయి: పెద్ద దేశాల కాపలా తప్పుకున్నప్పుడల్లా చైనా ముందుకొచ్చింది. 1973లో అమెరికా సేనలు వియత్నాం వదిలాయి. 1974 జనవరిలో పారాసెల్ పశ్చిమ దీవుల్ని దక్షిణ వియత్నాం నుంచి చైనా లాక్కుంది. 1988 మార్చిలో జాన్సన్ సౌత్ దిబ్బ దగ్గర చైనా దాడిలో 64 మంది వియత్నాం సైనికులు చనిపోయారు. మిత్రదేశం సోవియట్ యూనియన్‌కు వియత్నాంలోనే, కామ్ రాన్‌లో నౌకా స్థావరం ఉంది. అయినా కదల్లేదు. సోవియట్ నేత గోర్బచేవ్‌కు అప్పుడు బీజింగ్‌తో రాజీ కావాలి. 1992లో అమెరికా నౌకాదళం ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే ఖాళీ చేసింది. 1995లో ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ దిబ్బ మీద చైనా కట్టడాలు కనిపించాయి. జాలర్లు తలదాచుకోవడానికన్నారు. ఇప్పుడక్కడ రన్‌వే ఉంది.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వం, అంటే మనీలా వేసిన ఎత్తు విచిత్రమైనది. 1999లో సియెర్రా మాద్రె అనే ముసలి ఓడను సెకండ్ థామస్ దిబ్బ తనదని నిలబెట్టుకోవడానికి దాని మీదికి కావాలనే ఎక్కించేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కట్టిన ట్యాంకుల రవాణా నౌక అది. తుప్పుపట్టి చిల్లులు పడినా నౌకాదళ జాబితాలోంచి తీసేయలేదు. సర్వీసులో ఉన్న నౌక మీద దాడి జరిగితే 1951 నాటి అమెరికా-ఫిలిప్పీన్స్ రక్షణ ఒప్పందం వర్తిస్తుంది కదా! అందుకే చైనా, ఆ ఓడ జోలికి పోకుండా, అందులోని ఫిలిప్పీన్స్ సైనికులకు సరుకులు తెచ్చే పడవల మీద నీటి ఫిరంగులు గురిపెట్టింది. 2024 జూన్ 17 నాటి పెనుగులాటలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగింది. మరుసటి నెలలో సరుకుల రవాణా మీద తాత్కాలిక అవగాహన కుదిరింది.

ఇక ఫిలిప్పీన్స్ వేసిన కోర్టు కేసు సంగతి. గీతల లోపలి వనరుల మీద చారిత్రక హక్కుకు చట్టపరమైన ఆధారం లేదని 2016 జూలై 12న హేగ్ ట్రిబ్యునల్ తేల్చింది. చైనా ఒప్పుకోలేదు. అప్పటికే ఏడు దిబ్బల మీద సుమారు 3,200 ఎకరాల కొత్త నేల పోసేసింది. తీర్పును పాటించమని రోజూ చెప్పే అమెరికా, ఆ తీర్పుకు మూలమైన సముద్ర చట్టాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు.

భారత్ దీనికి మరీ దూరంగా ఏమీ లేదు. 2011 జూలైలో వియత్నాం తీరంలో వెళ్తున్న మన ఐరావత్ నౌకకు, మీరు చైనా జలాల్లోకి వస్తున్నారంటూ రేడియోలో హెచ్చరిక వచ్చింది. విశాఖ కేంద్రంగా తిరిగే నౌక అది. ఫిలిప్పీన్స్ 2022లో సుమారు 37.5 కోట్ల డాలర్లకు బ్రహ్మోస్ క్షిపణుల ఒప్పందం చేసుకుంది. ఒడ్డు నుంచి నౌకల్ని కొట్టే రకమవి. మొదటి విడత 2024 ఏప్రిల్‌లో ఆ దేశం చేరింది.