‘తెరుస్తారట’ అన్న మాట మీద టికెట్లు కొనకండి: డిస్నీల్యాండ్ గురించి అపోహలు - వాస్తవాలు

(ఇది 2020 నవంబర్ మొదటి వారంలో, కోవిడ్ వల్ల కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ మూసి ఉన్న రోజుల్లో రాసింది. ఇందులోని తేదీలు, రంగులు, నిబంధనలు అన్నీ అప్పటివే.)

నిన్న రాత్రి పదిన్నరకు కాలిఫోర్నియాలోనే ఉన్న ఫ్రీమాంట్ నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. “అక్కా, క్రిస్మస్‌కి డిస్నీల్యాండ్ తెరుస్తారట కదా! ఫ్లైట్ రేట్లు బాగా తక్కువున్నాయి. ఇప్పుడే బుక్ చేసేయమంటారా?”

ఎవరు చెప్పారమ్మా అని అడిగితే వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపింది. డిసెంబర్ 24కి, డిస్నీల్యాండ్ ఉన్న అనాహైమ్‌లో ఒక హోటల్ గది ఖాళీగా ఉందని చూపించే బుకింగ్ పేజీ అది. పార్క్ తెరుస్తామన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ ఒక్క పేజీ ఎన్ని గ్రూపులు తిరిగిందో, ఆమె దగ్గరికి వచ్చేసరికి ‘తెరుస్తారట’ అయింది.

నేను ఇర్వైన్‌లో ఉంటాను. పదకొండేళ్లుగా మనవాళ్ల కుటుంబాలకు టూర్లు బుక్ చేయడమే నా పని. వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు రావడం, మనవలతో కలిసి వాళ్లని డిస్నీల్యాండ్ తీసుకెళ్లడం, నా బుకింగ్‌లలో సగం ఇవే. ఈ ఏడాది (2020) మార్చి 14న కోవిడ్ వల్ల గేట్లు మూసిన దగ్గర్నుంచి ఈ నవంబర్ మొదటి వారం దాకా ఇలాంటి ఫోన్లు ఆగలేదు. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎనిమిది నెలలుగా పిల్లలు ఇంట్లో నాలుగు గోడల మధ్య ఉన్నారు, ఏదో ఒక తేదీ చెప్పి వాళ్లని ఊరడించాలని ఏ తల్లికైనా ఉంటుంది. కోపమల్లా ఆ స్క్రీన్‌షాట్లు పుట్టించి వదిలేవాళ్ల మీద.

అపోహ: బుకింగ్‌కు తేదీ దొరుకుతోందంటే ఆ రోజుకు పార్క్ తెరుస్తున్నట్టే.

మనవాళ్ల డబ్బు ఎక్కువగా పోయింది దీనివల్లే. కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

రిజర్వేషన్ సిస్టమ్‌లో తేదీలు చాలా నెలల ముందే తెరిచి ఉంటాయి. అది మామూలు పద్ధతి. ఎవరైనా కూర్చుని ఫలానా రోజును మూసేస్తేనే అది మూతపడుతుంది. ఈ ఏడాది జరుగుతున్నది కూడా అదే: దగ్గరికొచ్చిన తేదీలను కొన్ని వారాలకొకసారి మూసుకుంటూ వస్తున్నారు. అంటే డిసెంబర్ 24 కనిపిస్తోందంటే దాన్ని ఇంకా ఎవరూ మూయలేదనే. తెరుస్తామని ఎవరో నిర్ణయించినట్టు కాదు. ఇక పార్క్ చుట్టుపక్కల ఉన్న బయటి హోటళ్ల సంగతి వేరే చెప్పాలా? వాటిలో చాలావరకు నడుస్తూనే ఉన్నాయి. పార్క్ ఉన్నా లేకపోయినా గది అమ్ముడుపోవడమే వాళ్లకు కావాలి.

పార్క్ వాళ్లు స్వయంగా చెప్పిన తేదీలే నిలబడలేదు. మార్చిలో మూసేటప్పుడు నెలాఖరు వరకే అన్నారు. 1955లో మొదలైన పార్క్ అది. కెనడీ హత్య తర్వాత సంతాప దినాన, 1994 భూకంపం నాడు, 2001 సెప్టెంబర్ 11న మూశారు, అవి కూడా ఒక్కో రోజే. కాబట్టి రెండు వారాలంటే నాతో సహా అందరం నమ్మాం. తర్వాత జూన్ 10న, పార్క్ పుట్టినరోజైన జులై 17కి తెరవాలనుకుంటున్నామని ప్రకటించారు. ఆ ప్రకటనలోనే ‘ప్రభుత్వ అనుమతులకు లోబడి’ అని ఉంది. ఆ ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. జూన్ 24న వాయిదా వేశారు. టోక్యో డిస్నీల్యాండ్‌లోనూ ఇంతే. ఫిబ్రవరి 29న మూసి మార్చి 15 దాకా అన్నారు. పొడిగిస్తూ పొడిగిస్తూ చివరికి జులై 1న తెరిచారు.

ఆ జూన్ రెండు వారాల్లో నేను చేసిన ఒక బుకింగ్ సంగతి చెప్పాలి. తెనాలి నుంచి ఒక మాస్టారు, ఆయన భార్య ఫిబ్రవరిలో శాన్ హోసేలో కొడుకు దగ్గరికి వచ్చారు. ఆయన లెక్కల టీచర్‌గా రిటైరయ్యారు. వచ్చీరాగానే లాక్‌డౌన్. తిరిగి వెళ్దామంటే విమానాలు లేవు, ఆరు నెలల గడువు దగ్గరపడుతుంటే పొడిగింపుకు అప్లై చేసుకున్నారు. ఆరేళ్ల మనవరాలు మాత్రం “తాతా, మనం డిస్నీ వెళ్దాం కదా” అని రోజూ అడిగేది. జులై 17 అనగానే కొడుకు నాకు ఫోన్ చేశాడు. అనాహైమ్‌లో ఒక ఇల్లు మూడు రాత్రులకు 1,150 డాలర్లకు దొరికింది. రీఫండ్ లేని రేటు అది. వద్దని నేను గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు, ఎందుకంటే నేనూ నమ్మాను. వాయిదా పడ్డాక ఇంటి యజమానికి మూడుసార్లు రాశాను. ఇల్లు సిద్ధంగానే ఉంది, పార్క్‌తో మాకేం సంబంధం అన్నారు. పైసా వెనక్కి రాలేదు.

ఆగస్టులో వాళ్లు శాన్ డియేగో వెళ్తూ దారిలో నన్ను కలిశారు. హార్బర్ బూలవార్డ్‌లో కారు ఆపి, నడిచి వెళ్లే ప్రవేశం దగ్గర నిలబడ్డాం. మామూలు రోజుల్లో ఆ ఫుట్‌పాత్ మీద స్ట్రోలర్లకు అడ్డం తప్పుకుంటూ నడవాలి. ఆ రోజు మేము అయిదుగురం, సెక్యూరిటీ అతను, అంతే. మినీ మౌస్ చెవుల బ్యాండ్ పెట్టుకున్న పిల్లను మాస్టారు భుజాల మీదికెత్తారు. చెట్లపై నుంచి మాటర్‌హార్న్ శిఖరం ఒక్కటి కనిపించింది. “అదిగో, అది కొండ కాదు తాతా, రైడ్” అని చెప్పింది ఆ పిల్ల. సెప్టెంబర్‌లో వాళ్లు ఇండియా వెళ్లిపోయారు.

అపోహ: అధ్యక్ష ఎలక్షన్ అయిపోయింది కాబట్టి ఇప్పుడు తెరిచేస్తారు. లేదా, గవర్నర్ ఒక్క సంతకం పెడితే చాలు.

కాదు. ఈ ఏడాది (2020) అక్టోబర్ 20 నుంచి దీనికి రాతపూర్వకమైన లెక్క ఉంది. ఎవరైనా వేసుకోవచ్చు.

కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీకి (మన జిల్లా లాంటిది) కోవిడ్ కేసులను బట్టి ఒక రంగు ఇస్తున్నారు: ఊదా, ఎరుపు, నారింజ, పసుపు. కేసులు బాగా ఎక్కువుంటే ఊదా, బాగా తక్కువుంటే పసుపు. పెద్ద థీమ్ పార్క్ తెరవాలంటే ఆ కౌంటీ పసుపులోకి రావాలి. వచ్చినా నాలుగో వంతు జనాన్నే రానిస్తారు. పసుపు అంటే రోజుకు లక్ష మందికి ఒక్క కేసు కన్నా తక్కువ, టెస్టుల్లో పాజిటివ్ 2 శాతం లోపు. అనాహైమ్ ఉన్న ఆరెంజ్ కౌంటీ జనాభా దాదాపు 32 లక్షలు. అంటే కౌంటీ మొత్తంలో రోజుకు సుమారు 32 కేసుల లోపు ఉండాలి. టెస్టులు ఎన్ని చేశారన్న దాన్నిబట్టి కొంచెం సర్దుబాటు ఉంటుంది కానీ లెక్క అదే.

ఇవాళ ఈ కౌంటీ ఎరుపులో ఉంది. ఒక్కసారిగా రెండు మెట్లు దూకనివ్వరు. తర్వాతి మెరుగైన రంగుకు కావాల్సిన అంకెలు వరుసగా రెండు వారాలు నిలబడాలి, ఒక్కో రంగులో కనీసం మూడు వారాలు ఉండాలి. కాబట్టి వచ్చే మంగళవారం నుంచే అంకెలు పడిపోవడం మొదలైనా నారింజకు రెండు వారాలు, అక్కణ్నుంచి పసుపుకు మరో మూడు. డిసెంబర్ సగానికి వచ్చేస్తుంది. మధ్యలో ఊదాలోకి జారితే ఇంకో మూడు వారాలు కలుపుకోవాలి. ప్రస్తుతం కేసులు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి.

సరే, రంగు వచ్చిందనుకుందాం. మర్నాడే గేటు తెరవరు. ఫ్లోరిడాలో డిస్నీ తన ప్రణాళికను మే 27న అధికారుల ముందు పెట్టింది, మర్నాడు రాష్ట్రం సరేనంది, మొదటి పార్కులు తెరిచింది జులై 11న. ఆరు వారాల పైమాటే. ఇంట్లో ఉన్న ఉద్యోగులను పిలవాలి, కొత్త పద్ధతులు నేర్పాలి. పైగా సెప్టెంబర్ 29న అమెరికా పార్కుల విభాగంలో 28,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించారు. క్రిస్మస్‌కి తెరుస్తారా అన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది. తెరవరు. ఫ్రీమాంట్ చెల్లెలికీ అదే చెప్పాను.

అపోహ: ‘ఆరెంజ్ కౌంటీలో పార్కులు తెరిచారు’ అని వార్తల్లో చూశాం.

చూసే ఉంటారు. కానీ అది ఫ్లోరిడాలోని ఆరెంజ్ కౌంటీ. ఓర్లాండో ఉన్నది అందులో. యూనివర్సల్ అనే మరో కంపెనీ పార్క్ జూన్ 5న, డిస్నీ వరల్డ్ జులైలో తెరిచింది అక్కడ. మన అనాహైమ్ ఉన్నది కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో. దీనికి తోడు ‘ఆరెంజ్’ అని ఒక రంగు కూడా ఉండటంతో గందరగోళం ఇంకా పెరిగింది. కౌంటీ నారింజలోకి వస్తే చిన్న పార్కులకు మాత్రం కొంత అనుమతి ఉంటుంది, అది కూడా ఆ కౌంటీ వాళ్లకే, 500 మందికి మించకుండా. డిస్నీల్యాండ్‌కు అది వర్తించదు. కంపెనీ ఒకటే కదా, అక్కడ తెరిచి ఇక్కడెందుకు తెరవరు అని వాదించేవాళ్లు చాలామంది తగులుతారు. కంపెనీ ఒకటే. అనుమతిచ్చే ప్రభుత్వాలు వేరు. హాలీవుడ్ యూనివర్సల్ ఉన్న లాస్ ఏంజిలిస్ కౌంటీ అయితే ఇంకా ఊదాలోనే ఉంది.

అపోహ: ఒకసారి తెరిచాక ఇక భయం లేదు.

హాంకాంగ్ పార్క్ జూన్ 18న తెరిచారు, జులై 15న మళ్లీ మూశారు. నెల కూడా నిండలేదు. సెప్టెంబర్ 25న మళ్లీ తెరిచారు. పారిస్‌లో జులై 15న తెరిచిన పార్క్ మొన్న అక్టోబర్ నెలాఖరున మళ్లీ మూతపడింది. అందుకే మొదటి వారానికే ప్లాన్ చేసుకోకండి, ముఖ్యంగా పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు.

అపోహ: పార్క్ మూసి ఉంటే ఫ్లైట్ డబ్బులు ఎలాగూ వెనక్కి ఇస్తారు.

ఈ మాట చాలామంది ధీమాగా అంటారు, నాకు విన్నప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. ఎయిర్‌లైన్ తానుగా ఫ్లైట్ రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఏప్రిల్ 3న అమెరికా రవాణా శాఖ ఎయిర్‌లైన్లకు ఈ సంగతి మళ్లీ గుర్తు చేసింది కూడా. ఫ్లైట్ మామూలుగా ఎగురుతోంది, పార్క్ మూసి ఉందని మీరే మానుకున్నారనుకోండి, అప్పుడు రీఫండ్ అడిగే హక్కు ఉండదు. ఆగస్టు చివర్లో యునైటెడ్, డెల్టా, అమెరికన్ తేదీ మార్పు ఫీజులు చాలావరకు ఎత్తేశాయి. అది మంచి విషయమే. కానీ చవగ్గా కనిపించే బేసిక్ ఎకానమీ టికెట్లకు ఆ సౌకర్యం ఇవ్వలేదు. మనవాళ్లు ముందు పట్టుకునేది దాన్నే. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా పార్క్ మూసి ఉండటాన్ని కారణంగా సాధారణంగా ఒప్పుకోదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే రకం వేరే ఉంటుంది. దానికి ఎక్కువ కట్టాలి, మొదటి అడ్వాన్స్ కట్టిన రెండు మూడు వారాల్లోపే తీసుకోవాలి. అప్పుడు కూడా వచ్చేది సగం నుంచి ముప్పావు వంతు.

ఇన్ని చెప్పినా ఉండబట్టలేక బుక్ చేసుకునేవాళ్లుంటారు, నాకు తెలుసు. చేసుకోండి. కానీ రీఫండ్ ఉన్న హోటల్ తీసుకోండి, పది ఇరవై డాలర్లు ఎక్కువైనా సరే. రద్దు గడువు ఏ రోజు, ఎన్ని గంటలకో ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఆ పేజీని ప్రింట్ తీసి పెట్టుకోండి. టికెట్ పార్క్ దగ్గరే కొనండి, తెలిసినవాళ్ల తెలిసినవాళ్ల దగ్గర వద్దు. సగం వాడిన టికెట్లు అమ్ముతామని ఈ మధ్య గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి, అవి చెల్లవు.

రైడ్లన్నీ తుప్పు పట్టి ఉంటాయని కొందరు భయపడుతున్నారు. ఒహాయోలో సీడార్ పాయింట్ లాంటి పార్కులు ఏటా చలికాలమంతా మూసి, మళ్లీ వేసవికి తెరుస్తాయి. మూసి ఉన్న రైడ్‌ను ఎలా చూసుకోవాలో ఈ రంగానికి కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు. మాస్కు పిల్లలకు అక్కర్లేదట అన్నది కూడా తప్పు. తెరిచిన ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో రెండేళ్లు, ఆపైన ఉన్న అందరికీ మాస్కు ఉండాల్సిందే.

రంగులు ప్రతి మంగళవారం మధ్యాహ్నం మారుస్తారు. నేను పని ఆపి ఆ పేజీ చూస్తాను. ఎవరి ఫార్వర్డ్ కోసమూ చూడక్కర్లేదు, మీరూ చూడండి, రెండు నిమిషాల పని.

మాస్టారికి ఈ రంగుల సంగతి సెప్టెంబర్‌లోనే చెప్పాను, అప్పటికి రంగులు కొత్తగా వచ్చాయి. ఒక కాగితం మీద గళ్లు గీసి వారాలు వేసుకున్నారు. టీచర్ కదా, నా కన్నా తొందరగా పట్టుకున్నారు. వచ్చే ఏడాది వీసా, విమానం కుదిరితే మళ్లీ వస్తానంటున్నారు. ప్రతి బుధవారం తెల్లవారుజామున తెనాలి నుంచి ఆయన మెసేజ్ వస్తుంది: “రంగు మారిందా అమ్మాయీ?” ఈ వారం కూడా అడిగారు. ఎరుపే మాస్టారూ అని పెట్టాను. “సరే, ఇంకో గడి కొట్టేస్తున్నా” అన్నారు.