పందెం మానేసిన గుర్రం మళ్ళీ పరుగెడితే

సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో కోడిపందాలదే హడావిడి. ఆ సందట్లోనే కొన్ని ఊళ్ళలో వరి కోసేసిన చేలల్లోనో, పుంతల మీదో ఎడ్లబండ్ల పందాలు, గుర్రపు పందాలు కూడా జరుగుతాయి. ఎడ్ల విషయంలో మనవాళ్ళకి వయసు పట్టింపు బాగానే ఉంది. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ విభాగాలు పెట్టి, నోరు తెరిపించి చూశాకే బరిలోకి దించుతారు. గుర్రం దగ్గరికొచ్చేసరికి ఈ పట్టింపు సడలుతుంది. "రేసుల్లో పరిగెత్తిన గుర్రమండీ" అంటే చాలు, మురిసిపోతాం. ఎప్పుడు పరిగెత్తింది, ఎందుకు మాన్పించారు అని అడిగేవాళ్ళు తక్కువ.

డెల్టా ఏమీ గుర్రాల సీమ కాదు. ఇక్కడ చాలామంది పిల్లలు మొదట చూసే గుర్రం కాటన్ దొర విగ్రహం కింద ఉన్నదే. రెండోది పెళ్ళి ఊరేగింపులోది. అందుకే గుర్రం ఒంటి సంగతులు మనకి అంతగా తెలియవు.

రేసు గుర్రాల్లో ఎక్కువగా కనిపించే థరోబ్రెడ్ జాతి రెండేళ్ళకే పరుగుకి దిగుతుంది. నాలుగైదేళ్ళ వయసులో దాని వేగం శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే చాలా గుర్రాలు ట్రాక్ వదిలేస్తాయి. సరిగ్గా చూసుకుంటే గుర్రం పాతికేళ్ళు, ఇంకా పైన కూడా బతుకుతుంది. అంటే రిటైరయ్యాక దాదాపు పదిహేను, ఇరవై ఏళ్ళ బతుకు మిగిలి ఉంటుంది. ఆ గుర్రాలు స్వారీ నేర్పే చోట్లకీ, పెళ్ళిళ్ళకీ, బీచ్‌లకీ చేతులు మారుతూ పోతాయి. మారిన ప్రతిసారీ వయసు ఒకటి రెండేళ్ళు తగ్గుతూ ఉంటుంది!

నోరు మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు. పై దవడలో ముందు పళ్ళ వరస చివర, మూలన ఉన్న పన్ను చూడాలి. సుమారు పదేళ్ళప్పుడు చిగురు అంచున దాని మీద గోధుమరంగు గాడి ఒకటి మొదలవుతుంది. పదిహేనేళ్ళకి పన్ను సగం దాకా, ఇరవై ఏళ్ళకి కింది అంచు దాకా దిగుతుంది. లెక్క రెండు మూడేళ్ళు అటూ ఇటూ కావచ్చు. కానీ "ఎనిమిదేళ్ళేనండీ" అన్న గుర్రం పన్నుమీద గాడి సగం దాకా దిగి ఉంటే బేరం అక్కడే ఆపెయ్యొచ్చు.

మరి ముసలి గుర్రాన్ని పరిగెత్తించడమే తప్పా? నా ఉద్దేశంలో వయసు ఒక్కటే కాదు. 1980లో బ్రిటన్‌లో సోనీ సోమర్స్ అనే గుర్రం 18 ఏళ్ళ వయసులో రెండు పందాలు గెలిచింది. అసలు ప్రమాదం విశ్రాంతికీ, మళ్ళీ పరుగుకీ మధ్య ఉంది.

పరుగులో ఎముకకి కంటికి కనపడనంత సన్నని పగుళ్ళు పడుతుంటాయి. ఒళ్ళు వాటిని బాగుచేసుకుంటుంది. అయితే ముందు దెబ్బతిన్న ఎముకని తొలిచేసి, తర్వాత కొత్తది నింపుతుంది. మన కాలువలు కట్టేశాక వేసవిలో గట్టు బాగుచేసినట్టే. పాత మట్టి తవ్వేసి, కొత్త మట్టి ఇంకా తొక్కకముందే నీళ్ళు వదిలితే గండి పడుతుంది. పరుగు ఆపేసిన గుర్రం ఎముకలో కొన్ని వారాలు, నెలలు అలాంటి దశే నడుస్తుంది. పైకి నిగనిగలాడుతూ, కుంటకుండా నడుస్తూ ఉంటుంది. అమెరికాలో రేసు గుర్రాల మీద 1998లో వచ్చిన ఒక పరిశీలన, చాలాకాలం ఖాళీగా ఉండి తిరిగి పరుగుకి వచ్చిన గుర్రాల్లో ముందుకాలి భుజం దగ్గరి ఎముక విరిగే ప్రమాదం ఎక్కువని తేల్చింది. ఇక ఎన్నో ఏళ్ళు ఊరేగింపుల్లో అడుగులేసిన గుర్రాన్ని నాలుగు రోజుల ప్రాక్టీసుతో పందానికి దించితే?

నరం (కండని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటి టెండన్) సంగతి ఇంకా మొండిది. ముందుకాలి వెనక, మడమ మీదుగా దిగే నరం పూర్తి వేగంలో బాగా సాగి, మళ్ళీ ముడుచుకుంటుంది. ఆ రాపిడికి దాని లోపలి వేడి 45 డిగ్రీల దాకా వెళ్ళినట్టు కొలిచారు. అది ఒకసారి తెగితే అతుక్కుంటుంది, కానీ అతుకు మునుపటంత సాగదు. రిటైర్ చెయ్యడానికి ఈ గాయమే కారణమైన గుర్రాలు ఎన్నో. దాన్నే మళ్ళీ కొని పరిగెత్తిస్తున్నాం అన్నమాట.

ఆపైన ఉక్క. అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో ఇరవై దాటిన ఆడ గుర్రాలనీ, వయసులో ఉన్నవాటినీ ట్రెడ్‌మిల్ మీద నడిపి చూశారు. ముసలివాటి ఒళ్ళు దాదాపు సగం సమయంలోనే 40 డిగ్రీలకి చేరింది. అక్కడి మరో పరిశీలనలో గుండె గరిష్ఠ వేగం వయసులో ఉన్నవాటికి నిమిషానికి 218 ఉంటే, ముసలివాటికి 193 ఉంది. మూడు నెలల శిక్షణ ఇచ్చినా ముసలివాటికి ఆ వేగం తిరిగి రాలేదు. గుర్రం మనలాగే చెమట పట్టి చల్లబడుతుంది. సంక్రాంతి పొద్దుటి చలిలో ఫర్వాలేదు. ఎండాకాలం తీర్థంలో, గాలి ఆడని కొబ్బరితోటల మధ్య, ఆ చెమట ఆరదు, కారిపోతుంది అంతే.

"దానికి పరుగంటే ఇష్టమండీ, పక్కన ఇంకో గుర్రం కనపడితే ఆగదు" అంటారు యజమానులు. నిజమే, ఆగదు. మందలో బతికే జంతువు అది. వెనకబడినది పులికి చిక్కుతుంది కాబట్టి నొప్పిని దాచుకుని పరిగెత్తడం దాని రక్తంలో ఉంది. దాన్ని ఒప్పుకోలు కింద లెక్కేసుకోవడం మనకి అనుకూలమైన వాదన.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, వయసు వల్లగానీ, జబ్బు, గాయం వల్లగానీ పనికి తగని జంతువుతో ఏ పని చేయించినా నేరమే.

పరుగు మాన్పిస్తే మేపేదెవరన్న ప్రశ్న మాత్రం న్యాయమైనదే. గుర్రం పన్ను ఏటా అరుగుతూ, చిగురులోంచి పైకి వస్తూ ఉంటుంది. ముసలితనంలో అది అయిపోతుంది. డెల్టాలో దండిగా దొరికే వరిగడ్డిని అలాంటి నోరు నమలలేదు. నమలని గడ్డి పేగులో అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. పచ్చగడ్డి, నానబెట్టిన ఉలవలు, తడిపిన తవుడు కావాలి, అవి డబ్బుతో పని.

రిటైరైన గుర్రానికి మరో దారి ఉంది, మన చేలల్లో పనిచేసేవాళ్ళూ దానికి రుణపడి ఉన్నారు. పాముకాటుకి వేసే మందు గుర్రం రక్తంలోంచే వస్తుంది. పుణెకి చెందిన పూనావాలా కుటుంబం తమ గుర్రాల ఫారంలో రిటైరైన గుర్రాలని సీరం (రక్తంలోంచి తీసే ఆ మందు) తయారీకి ముంబైలోని హాఫ్కిన్ సంస్థకి ఇచ్చేది. ఆ ఆలోచనే 1966లో సీరం ఇన్‌స్టిట్యూట్‌కి దారితీసింది. అదీ సుఖమైన ఉద్యోగమేం కాదు. సూదితో విషం ఎక్కించడం, రక్తం తీయడం ఉంటాయి. కాకపోతే అక్కడ బరువు చూస్తారు, రక్తం లెక్క చూస్తారు, మూడు నుంచి పదేళ్ళ మధ్య గుర్రాలనే ఎక్కువగా తీసుకుంటారు. పదిహేనేళ్ళ గుర్రాన్ని అక్కడ కూడా సాధారణంగా తీసుకోరు. దాన్ని కొనుక్కొచ్చిన డెల్టా యజమాని పందానికి పేరు రాయించే ముందు పశువుల డాక్టర్ చేత కాళ్ళు తడిమించి, అది ఆఖరిసారి పూర్తి వేగంతో పరిగెత్తి ఎన్నాళ్ళయిందో పాత యజమానికి ఫోన్ చేసి కనుక్కోవాలి.