కొటియా తగాదాలో సంత మాటేమిటి?

సరిహద్దు కొండల్లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ మావేనంటున్న 21 ఊళ్ల గుంపు కొటియా. దాని పేరు మళ్లీ వార్తల్లో వినబడుతోంది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లడం, ఇది పార్లమెంటు తేల్చాల్సిన విషయమని, అప్పటిదాకా యథాతథస్థితి పాటించాలని 2006లో కోర్టు చెప్పడం, 21 ఊళ్ల జనం దగ్గర రెండేసి ఓటరు కార్డులు, రేషన్ కార్డులు ఉండడం పాఠకులకు తెలిసినవే. ఈ గొడవ ఎందుకు ఇంత ముదిరిందో తెలియాలంటే 2021 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏం జరిగిందో చూడాలి.

ఆ ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరుల్లో పంచాయతీ ఎన్నికలు జరిపింది. దాని మీద ఒడిశా ప్రభుత్వం సుప్రీంకోర్టులో ధిక్కరణ పిటిషన్ వేసింది. ఏప్రిల్ 8న పరిషత్ ఎన్నికలొచ్చాయి. ఓటర్లు కొండ కింద ఆంధ్రాలోని సాలూరు వైపు దిగకుండా ఒడిశా పోలీసులు దారికి అడ్డంగా బారికేడ్లు పెట్టారు. ఊళ్లు మావేనని, జనం మా వైపే ఉన్నారని ఆంధ్ర అధికారులు అంటారు. కోర్టు మాట మీరారని ఒడిశా అంటుంది. రెండు వాదనలూ పత్రికల్లో కావలసినంత వచ్చాయి. రాని మాట ఒకటుంది. అన్నాళ్లూ ఫైళ్లలో ఉన్న సరిహద్దు ఆ మూడు నెలల్లో కాలిబాట మీదికొచ్చింది. ఆ బాట ఎక్కువగా ఆడవాళ్లది.

పైగా అది చింతపండు కాలం. కొండ మీద ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడేది ఆ రోజుల్లోనే. రాలిన కాయల్ని ఏరాలి, పెంకు వలవాలి, ఈనె లాగాలి, గింజ తీయాలి. తర్వాత గోనెసంచిలో కుక్కి, నెత్తిన పెట్టుకుని, తెల్లవారకముందే సంతకు బయలుదేరాలి. ఏ సంతలో ధర బాగుంటే ఆ సంతకే పోతారు. అది ఆంధ్రాలో ఉందా, ఒడిశాలో ఉందా అని చూడరు. చూడాల్సిన అవసరమూ లేదు. దేశంలో ఎక్కడైనా వ్యాపారం చేసుకోవచ్చని రాజ్యాంగం 301వ అధికరణలో రాసి ఉంది.

ఈ సంతల్లో మన విశాఖ వాటా తక్కువేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. గీత గీసి రెండు రాష్ట్రాలు చేశారు గానీ సంతదారులు మారలేదు. తీరం నుంచి ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు గంపల్లో, సంచుల్లో కొండెక్కుతాయి. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద నడిచే ప్యాసింజరు బండి అరకు, కోరాపుట్ వైపు పోయే చిన్న వ్యాపారులకు పెద్ద ఆసరా. 2020 మార్చిలో దేశమంతటా ప్యాసింజర్ రైళ్లు ఆగిపోయాయి. అంటే 2021లో బారికేడ్లు పడేనాటికే ఈ ఆడవాళ్లు ఒక దెబ్బ తిని ఉన్నారు.

సంతలో నేల మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే చాలు, సంగతి అర్థమవుతుంది. నెత్తళ్లు కుప్పలు కుప్పలుగా పోసి ఉంటాయి. బేరం సగం తెలుగులో, సగం కోరాపుట్ వైపు ఒడియా యాస అయిన దేశియాలో నడుస్తుంది. కొనే ఆమె పక్కామెతో గిరిజన భాష కువిలో ఏదో అంటుంది. డబ్బు లేకపోతే అరువు. పంట చేతికొచ్చాక పసుపో, చింతపండో తెచ్చి తీరుస్తుంది. కాగితం ఉండదు, సంతకం ఉండదు. వచ్చే వారం మళ్లీ ఎదురుపడతామన్న నమ్మకమే హామీ. ఆ దారి మూస్తే బాకీ మునుగుతుంది. దాంతో అటువాళ్ల మీద అనుమానం మొదలవుతుంది. ఊళ్ల మధ్య పొత్తు చెడేది ఇలాంటి చోటే. ఈ పొత్తును నిలబెట్టేవాళ్లకు సాయం చేయడం కన్నా చవకైన శాంతి ప్రయత్నం నాకు కనబడదు.

సాయం అటుంచి, చట్టాలే వాళ్లను తికమక పెడుతున్నాయి. మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అటవీ ఫలసాయం కొనే హక్కు 1979 రెగ్యులేషన్‌తో విశాఖ కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ చేతికొచ్చింది. ఒడిశా 2000లో చింతపండు లాంటి సరుకుల అజమాయిషీ పంచాయతీలకు ఇచ్చేసింది. ఒకే కొండకు రెండు పద్ధతులు. ఇటు నుంచి అటు మూట మోసే మనిషిని చెక్‌పోస్టులో ఆపాలనుకుంటే కారణానికి కొదవుండదు. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాలు అడవిలో సరుకు రవాణాను నెత్తిమూట, సైకిలు, తోపుడుబండి దగ్గరే ఆపేశాయి. 2012లో సవరించి తగిన వాహనమేదైనా వాడుకోవచ్చన్నారు. ఆ సవరణ గురించి చెక్‌పోస్టు దగ్గర నిలబడ్డ ఆడమనిషికి చెప్పేదెవరు? అప్పు సంగతీ అంతే. 2020లో మొదలైన పీఎం స్వనిధి పట్టణ వీధి వ్యాపారుల కోసం పెట్టింది. కొండ సంతకొచ్చే ఆమె దాని లెక్కలోకి రాదు.

వేరే దేశంతోనే మనం ఇంతకన్నా మెరుగ్గా ఉన్నాం. బంగ్లాదేశ్ సరిహద్దులో, మేఘాలయలోని కలైచార్ దగ్గర 2011 జులైలో సరిహద్దు సంత తెరిచారు. సరిహద్దుకు 5 కిలోమీటర్ల లోపు ఊళ్లవాళ్లకు అమ్ముకోవడానికి గుర్తింపు కార్డులిచ్చారు, సుంకం లేదన్నారు. ఆ సంతల్లో అమ్మే ఆడవాళ్లు తక్కువే, అది వాటి లోపం. మన కొండ సంతల్లో ఆడవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. లేనిది ఆ కార్డు, ఆ గుర్తింపు.

2021 నవంబర్ 9న భువనేశ్వర్‌లో అప్పటి ఇద్దరు ముఖ్యమంత్రులు, జగన్, నవీన్ పట్నాయక్ కూర్చున్నారు. కొటియా, నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు, పోలవరం ముంపు చర్చకొచ్చాయి. చీఫ్ సెక్రటరీలతో కమిటీ అన్నారు. శ్రీకాకుళం యూనివర్సిటీలో ఒడియా పీఠం, బరంపురం యూనివర్సిటీలో తెలుగు పీఠం అన్నారు. భాషల గురించి ఆలోచించినందుకు సంతోషమే. ఆ రెండు భాషలూ వారం వారం కలిసే సంత గురించి కూడా ఆ కమిటీ మాట్లాడాలి. రెండు వైపులా చెల్లే సంత కార్డు, తూకం సరిచూసే మనిషి, వానకు తడవని షెడ్డు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి. ఏ గొడవ జరిగినా సంతరోజున దారి మూయకూడదని రెండు జిల్లాల పోలీసులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. వీటిలో ఏ ఒక్కదానికీ 21 ఊళ్లు ఎవరివో ముందు తేలాల్సిన పనిలేదు.