యాన్ క్వ్యెఖ్ కంటే ముందు: చెక్ స్పీడ్‌వే వెనక చరిత్ర

స్పీడ్‌వే అంటే మట్టి ట్రాకు మీద జరిగే మోటార్‌సైకిల్ రేసు. దాని ప్రపంచ విజేతను తేల్చే 2024 గ్రాండ్ ప్రి సీజన్‌లో చెక్ రైడర్ యాన్ క్వ్యెఖ్ అన్ని రౌండ్లూ ఆడే జాబితాలోకి వచ్చాడు. స్పీడ్‌వే బైకులు తయారుచేసి ప్రపంచానికి అమ్మిన దేశం అతనిది. అయినా వ్యక్తిగత ప్రపంచ టైటిల్ ఒక్క చెక్ రైడర్‌కూ దక్కలేదు. ఎందుకో తెలియాలంటే బైకు దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

1949లో యారోస్లావ్ సిమాండ్ల్ చెకోస్లోవేకియాలోని దివిషోవ్‌లో ఎసో అనే బైకుల కంపెనీ పెట్టాడు. దాని స్పీడ్‌వే బైకుకు 500 సీసీ, ఒకటే సిలిండర్, మిథనాల్ ఇంధనం. అప్పటిదాకా ట్రాకుల మీద బ్రిటిష్ జాప్ ఇంజన్లదే రాజ్యం. 1964లో ఎసోను చెక్ మోటార్‌సైకిల్ కంపెనీ జావా కలుపుకుంది. 1966లో బ్యారీ బ్రిగ్స్ ఈ బైకు మీదే ప్రపంచ విజేత అయ్యాడు, 1968 నుంచి 1970 దాకా ఐవాన్ మేగర్ వరసగా మూడుసార్లు గెలిచాడు. ఇద్దరూ న్యూజీలాండ్ వాళ్లు, ఇద్దరూ బ్రిటిష్ లీగ్‌లో వారం వారం పోటీపడి రాటుదేలినవాళ్లు. చెక్ రైడర్లకు ఆ అవకాశం సులువుగా దొరికేది కాదు. విదేశీ క్లబ్బులో ఆడాలంటే అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం అనుమతి ఇవ్వాల్సి ఉండేది.

ఈ ఆటలో అది చాలా పెద్ద లోటు. బైకుకు బ్రేకు ఉండదు, గేరు ఒక్కటే. నాలుగు ల్యాపుల రేసు సుమారు నిమిషంలో అయిపోతుంది, మొదటి మలుపులోకి ముందు ఎవరు దూరితే సగం ఫలితం అక్కడే తేలిపోతుంది. క్లచ్ త్వరగా వదిలితే ముందు చక్రం లేస్తుంది, ఆలస్యమైతే మిగతా ముగ్గురూ వెళ్లిపోతారు. కొత్త ట్రాకు మట్టి చూసి వెనక స్ప్రాకెట్‌కు (చైను తిరిగే పళ్ల చక్రానికి) ఒక పన్ను పెంచాలా తగ్గించాలా అన్నది రైడర్ అనుభవమే చెప్పాలి. రకరకాల ట్రాకుల మీద ఆడితేగానీ ఆ అంచనా అబ్బదు.

స్వదేశంలో పోటీలకు మాత్రం గొప్ప వారసత్వం ఉంది. చెక్ నగరం పార్దుబిత్సేలో 1929 నుంచి జరుగుతున్న జ్లాటా ప్ర్షిల్బా, అంటే బంగారు హెల్మెట్, ప్రపంచంలోని పాత రేసుల్లో ఒకటి. మామూలుగా నలుగురు దిగే హీట్‌లో (పోటీలోని ఒక్కో రేసులో) అక్కడ ఆరుగురు దిగుతారు. మలుపులో ఖాళీ దొరకదు, ప్రమాదం ఎక్కువ. 1968లో ఆ రేసులోనే లుబోష్ టొమీచెక్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరంలో చెకోస్లోవేకియాకు అతనే పెద్ద దిక్కు. మరుసటి ఏడాది నుంచి ప్రాగ్‌లోని మార్కేటా స్టేడియంలో అతని స్మారక పోటీ జరుగుతోంది.

1976లో ఇంగ్లండ్ రైడర్ పీటర్ కాలిన్స్ నాలుగు వాల్వుల బ్రిటిష్ ఇంజన్ వెస్లేక్‌తో ప్రపంచ టైటిల్ గెలిచాడు. దాంతో రెండు వాల్వుల జావా పాతబడింది. జావా కూడా నాలుగు వాల్వులకు మారింది గానీ, తర్వాత ఇటలీ జీఎం ఇంజన్ మార్కెట్ లాక్కుంది. 1982లో జూనియర్ టైటిల్ గెలిచిన చెక్ రైడర్ ఆంటోనీన్ కాస్పర్ మీద పెద్ద ఆశలే ఉండేవి, సీనియర్ కిరీటం మాత్రం రాలేదు.

సరిహద్దులు తెరుచుకున్నాక ఆటంకం డబ్బు రూపం తీసుకుంది. పోలండ్ లీగ్‌లో రైడర్ తన బైకులు, మెకానిక్కులు, వ్యాను తానే చూసుకోవాలి. మిథనాల్ తేమను పీల్చి అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి మ్యాచ్ అయ్యాక ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్రోలుతో కడగాలి. ఇంజన్‌ను తరచూ విప్పి సరిచేయించాలి. ఈ ఖర్చంతా ఇంట్లో దొరికే రేసుల డబ్బుతో గట్టెక్కదు. అందుకే క్వ్యెఖ్ కూడా పోలండ్‌లోని జెలోనా గురా క్లబ్బుకు ఆడుతూ గ్రాండ్ ప్రి దాకా వచ్చాడు.