ఈగ చేతిలో తాళాలగుత్తి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులు హాసిని, కౌశిక్‌లకు తాతయ్య ఆశీస్సులు.

మూర్ఛ మందులను ఈగల మీద కూడా పరీక్షిస్తారని ఫోనులో చెబితే ఇద్దరూ పకపకా నవ్వారు. ఈగకు మెదడు ఉంటుందా అని కౌశిక్ సందేహం. ఉంటుంది నాయనా. మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే ఆ ఎర్రకళ్ల చిన్న ఈగ మెదడులో లక్షకు పైగా నాడీకణాలున్నాయి.

ఈ ఈగల్లో జన్యులోపం ఉన్న కొన్ని రకాలను గాజు గొట్టంలో వేసి 10 సెకన్లు గట్టిగా కుదిపితే, రెక్కలు కొట్టుకుంటూ పడిపోతాయి. కాసేపు చచ్చినట్టు ఉండి, మళ్లీ ఒకసారి కొట్టుకుని, లేచి తిరుగుతాయి. మామూలు ఈగలు ఆ కుదుపును లెక్కచేయవు. మన బస్టాండులో ఎవరికైనా ఫిట్స్ వస్తే వెంటనే చేతిలో తాళాలగుత్తి పెడతారు కదా! ఈగ చేతిలో ఎవరూ పెట్టలేదు, అయినా తగ్గింది. మనుషులకూ చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా ఉంటే చాలు. 5 నిమిషాలు దాటితే మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ ఈగల్లో 'బ్యాంగ్ సెన్స్‌లెస్' అనే రకం ఉంది. నాడీకణంలోకి సోడియంను వదిలే ద్వారాలు దానిలో అతిగా పనిచేస్తాయి. ప్రకాశం బ్యారేజీకి పది గేట్లు ఎత్తవలసిన చోట ఇరవై ఎత్తినట్టన్నమాట. అలాంటి ద్వారాల జన్యువులు మనలోనూ ఉన్నాయి. వాటిలో ఎస్‌సీఎన్1ఏ దెబ్బతింటే పసివాళ్లకు డ్రావే సిండ్రోమ్ అనే మొండి మూర్ఛ వస్తుంది. బ్యాంగ్ సెన్స్‌లెస్ ఈగ మందులకు ఒక పట్టాన లొంగదు. నాకు దాని మీద గౌరవం అందుకే. మూర్ఛ రోగుల్లో దాదాపు మూడోవంతు మందికి ఇప్పుడున్న మందులతో ఫిట్స్ అదుపులోకి రావు. తేలిగ్గా లొంగే ఈగ వాళ్ల గురించి ఏం చెబుతుంది?

1938లో వెలువడిన ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు పరిశోధన కోసం అమెరికాలో మెరిట్, పుట్నమ్ అనే ఇద్దరు వైద్యులు పిల్లులకు కరెంటు పెట్టి మూర్ఛ తెప్పించారు. ఈగలతో ఆ బాధ చాలావరకు తప్పుతుంది. గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు 10 రోజులే కాబట్టి, వందల రసాయనాలను త్వరగా వడగట్టవచ్చు.

మట్టిలో బతికే సి. ఎలిగెన్స్ అనే మిల్లీమీటరు పురుగు ఇంకా సులువు. దానికి నాడీకణాలు 302 మాత్రమే. నాడులను నెమ్మదింపజేసే గాబా తయారుకాని పురుగులకు పెంటిలీన్‌టెట్రజోల్ అనే రసాయనం ఇస్తే తల పదేపదే ఊపుతాయి. అయితే ఆ పురుగులో ఇందాక చెప్పిన సోడియం ద్వారాలే లేవు! వాటి మీద పనిచేసే మందును దానితో తూచడం దండగ. ఏ ప్రశ్నకు ఏ ప్రాణి సరిపోతుందో తెలియడంలోనే సగం పనితనం ఉంది, హాసినీ.

ఈగ దగ్గర నెగ్గిన మందు ఆపైన ఎలుకల దగ్గర, మనుషుల దగ్గర కూడా నెగ్గాలి. చాలా మందులు దారిలోనే ఆగిపోతాయి. ఆ మాత్ర వేసుకున్న పిల్లాడికి లెక్కల తరగతిలో నిద్ర ముంచుకొస్తుందా అంటే ఈగను అడిగి లాభం లేదు.

సెలవులకు వచ్చేటప్పుడు కౌశిక్ తన భూతద్దం తెచ్చుకోవాలి. ఈగలకు మా ఇంట్లో కొదవ లేదు.

ఇట్లు,
మీ తాతయ్య