వజ్రాల పొలం కథ వెనక ఒక కత్తి కథ

వ్యక్తిత్వ వికాసం క్లాసుకు ఒక్కసారైనా వెళ్లినవాళ్లకు ఆ రైతు తెలిసే ఉంటాడు. ఉన్న పొలం అమ్ముకుని వజ్రాల కోసం దేశాలు పట్టిపోతాడు. ఎక్కడా దొరక్క సముద్రంలో దూకి చస్తాడు. ఇక్కడ పొలం కొన్నవాడు పెరటి వాగులో ఒంటెకు నీళ్లు పెడుతుంటే తళుక్కుమని ఒక రాయి కనిపిస్తుంది. మైకు పట్టుకున్నాయన ఒక్క క్షణం ఆగి, ‘అదే మన గోల్కొండ గని!’ అంటాడు. హాల్లో చప్పట్లు.

ఈ కథను ఊరూరా తిప్పినవాడు ఒక అమెరికన్ బాప్టిస్టు పాస్టరు. పేరు రస్సెల్ కాన్వెల్. పాస్టరు కాకముందు లాయరు, పత్రికా విలేకరి. అంతకుముందు అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో కెప్టెన్. ‘వజ్రాల ఎకరాలు’ అనే ఈ ఒక్క ఉపన్యాసాన్నే ఆరు వేల సార్లకు పైగా ఇచ్చాడని లెక్క చెబుతారు. 1925 డిసెంబరు 6న, 82 ఏళ్ల వయసులో పోయాడు. బాప్టిస్టు అనగానే ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లకు అమెరికన్ మిషనరీ క్లౌ దొర గుర్తొస్తాడు. కాన్వెల్ ఆయన కాలంవాడే, మన దగ్గర సంఘాలు కట్టినవాడు మాత్రం కాదు. మనకు మిగిలింది ఆయన కథ ఒక్కటే. అదీ ఎవరిదో తెలియకుండా.

నిజానికి ఆయన జీవితమంతా రెండు కథల మీద నిలబడింది. వజ్రాల కథ రెండోది. మొదటిది కత్తి కథ.

1843 ఫిబ్రవరి 15న మసాచుసెట్స్ కొండల్లో, సౌత్ వర్తింగ్టన్ అనే చిన్న ఊళ్లో, రాళ్లూ రప్పలూ ఉన్న పొలం చేసుకునే ఇంట పుట్టాడు. 1862లో యుద్ధానికి మనుషులు కావాలని పిలుపు వచ్చినప్పుడు ఆయనకు 19 ఏళ్లు. అప్పటికే మాటకారి. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు వరస కట్టి చేరారు, ఆయన్నే కెప్టెన్‌గా పెట్టుకున్నారు. 46వ మసాచుసెట్స్ పటాలంలో ఎఫ్ కంపెనీ వాళ్లది. ఊళ్లవాళ్లు చందాలేసుకుని ఒక కత్తి చేయించి ఇచ్చారు. నిజమైన స్నేహానికి చావు లేదని దాని మీద లాటిన్‌లో చెక్కించారు. తొమ్మిది నెలల కొలువు నార్త్ కరోలినాలో గడిచింది. గడువు తీరాక 2వ మసాచుసెట్స్ హెవీ ఆర్టిలరీలో మళ్లీ కెప్టెన్‌గా చేరి, అదే రాష్ట్రానికి వెళ్లాడు.

అక్కడ ఆయన వెంట జానీ రింగ్ అనే కుర్ర సిపాయి ఉండేవాడు. ఈ కథ మనకు చెప్పింది కాన్వెలే కాబట్టి ఆయన చెప్పినట్టే విందాం. తాను అప్పట్లో నాస్తికుణ్ణి అనుకునేవాడినని, గుడారంలో రింగ్ బైబిలు చదువుకుంటుంటే వద్దని కసిరానని అంటాడు. 1864 ఫిబ్రవరి మొదట్లో దక్షిణాది సైన్యం వాళ్లున్న న్యూపోర్ట్ బ్యారక్స్ శిబిరం మీద పడింది. ఉత్తరాది దండు ఏరు దాటి వెనక్కి తగ్గుతూ వంతెనకు నిప్పు పెట్టింది. కెప్టెన్ గారి కత్తి గుడారంలోనే ఉండిపోయిందని రింగ్‌కు గుర్తొచ్చింది. వెనక్కి పరుగెత్తి కత్తి తీసుకుని, మండుతున్న వంతెన మీదుగా వచ్చాడు. ఆ కాలిన గాయాలతోనే ప్రాణం పోయింది. ఆ తర్వాత కాన్వెల్ దేవుణ్ణి నమ్మాడు, ఒట్టు పెట్టుకున్నాడు: రోజుకు పదహారు గంటలు పనిచేస్తాను, ఎనిమిది నా కోసం, ఎనిమిది రింగ్ బతికుంటే చేసే పని కోసం. ఆ కత్తిని జీవితాంతం తన మంచం పైన గోడకు తగిలించుకున్నాడు.

ఇక సైన్యం కాగితాలు చెప్పేది వేరే. దాడి జరిగిన వేళ కెప్టెన్ కాన్వెల్ తన స్థానంలో లేడు. న్యూ బెర్న్ అనే ఊరు వెళ్లాడు. తన మనుషులకు నెలల తరబడి జీతాలు అందలేదని, ఆ సంగతి చూడటానికే వెళ్లానని ఆయన వాదన. అనుమతి లేకుండా స్థానం వదిలాడని కోర్టు మార్షల్, అంటే సైనిక విచారణ జరిగింది, కొలువు పోయింది. తర్వాత ఉత్తరాది జనరల్ మెక్‌ఫర్సన్ తనను మళ్లీ సైన్యంలోకి తీసుకున్నాడని కాన్వెల్ చెప్పుకున్నాడు. దానికి రికార్డు లేదు. అడుగుదామంటే మెక్‌ఫర్సన్ 1864 జులై 22న అట్లాంటా దగ్గర యుద్ధంలో చనిపోయాడు.

భక్తితో రాసినవాళ్లు కోర్టు మార్షల్ ఊసెత్తరు. పట్టుబట్టి రికార్డులు తవ్వినవాళ్లు కత్తి కథను కట్టుకథ అని పక్కన పెడతారు. నాకైతే రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదవాలనిపిస్తుంది. తానుండాల్సిన చోట తాను లేడు. తనవాళ్లలో ఒకడు ప్రాణాలతో మిగలలేదు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి ఆ మాట బయటికి చెప్పుకోవడానికి కత్తి, వంతెన, మంటలు కావలసి వచ్చాయేమో. ఆ ఒట్టు మాత్రం ఉత్తిది కాదు. తర్వాత ఆరు దశాబ్దాలు ఆయన చేసిన చాకిరీ దానికి సాక్ష్యం.

యుద్ధం తర్వాత లా చదివాడు, మినియాపొలిస్‌లో పత్రిక నడిపాడు, బోస్టన్‌లో వకీలుగా పెట్టుకున్నాడు. 1872లో మొదటి భార్య చనిపోయింది. 1879లో లెక్సింగ్టన్ ఊళ్లోని పాత బాప్టిస్టు చర్చి వాళ్లు సలహాకు పిలిచారు. సంఘం చితికిపోయింది, భవనాన్ని ఎలా వదిలించుకోవాలో చెప్పమన్నారు. అమ్మకం పత్రాలు రాయాల్సిన లాయరు ఆ చర్చిని బాగుచేయించే పనిలో పడి, అందులోనే పాస్టరు అయిపోయాడు.

1882లో ఫిలడెల్ఫియా గ్రేస్ బాప్టిస్టు చర్చికి వచ్చాడు. జనం పెరిగి చోటు చాల్లేదు. సండే స్కూల్లో చోటు దొరకని హ్యాటీ మే వయట్ అనే చిన్నపిల్ల కొత్త భవనం కోసమని 57 సెంట్లు కూడబెట్టి 1886లో కన్నుమూసింది. ఆ చిల్లర చూపించే కాన్వెల్ చందాలు మొదలుపెట్టాడు. 1891లో వేలమంది పట్టే ‘బాప్టిస్టు టెంపుల్’ లేచింది. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీ పేరు విని ఏ గుడి తాలూకో అనుకుంటారు మనవాళ్లు. ఆ టెంపుల్ ఈ చర్చే.

యూనివర్సిటీ పుట్టిన తీరు నాకు ఆయన ఉపన్యాసాలన్నిటికన్నా ఎక్కువ నచ్చుతుంది. 1884లో, పగలు పని చేసుకుని బతికే ఒక కుర్రాడు వచ్చి, పాస్టరు కావాలని ఉంది, చదువుకు డబ్బు లేదన్నాడు. రాత్రిపూట రా, నేను చెబుతానన్నాడు కాన్వెల్. పాఠం మొదలయ్యేసరికి ఏడుగురు పోగయ్యారు. ఏడుగురు నలభై అయ్యారు, చర్చి గదులు నిండిపోయాయి. 1888లో కాలేజీగా గుర్తింపు, 1907లో యూనివర్సిటీ హోదా. రాత్రి బడి కాబట్టి అక్కడి విద్యార్థులకు ఇప్పటికీ గుడ్లగూబే గుర్తు. సమారిటన్ పేరుతో ఆయన పెట్టిన ఆస్పత్రి ఇవాళ టెంపుల్ యూనివర్సిటీ ఆస్పత్రి. వజ్రాల ఉపన్యాసంతో వచ్చిన డబ్బును పేద విద్యార్థులకు పంచేవాడు.

అదే ఉపన్యాసంలో ఒక చేదు గింజ ఉంది. డబ్బు సంపాదించడం మీ ధర్మం అని మొదలుపెట్టి, ఈ దేశంలో పేదవాడు తన లోపాల వల్లో, మరొకరి లోపాల వల్లో పేదవాడయ్యాడు తప్ప వేరే కారణం లేదని తేలుస్తాడు. ఎప్పుడో 57 సెంట్ల పిల్లను గుండెకు హత్తుకున్న మనిషి నోటినుంచే ఈ మాట. రాత్రి బడికి వచ్చిన ఏడుగురిలో ఎవరి లోపం ఉందని? ఆయన చేతులు చేసిన పని ఆయన నోరు చెప్పినదాన్ని రోజూ ఖండిస్తూనే వచ్చింది. మనవాళ్లు ఎత్తుకొచ్చింది మాత్రం నోటి మాటనే.

ఇక ఆ గోల్కొండ సంగతి. కుర్రతనంలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల వెంట వెళ్తుంటే బాగ్దాద్ గైడు ఈ కథ చెప్పాడని కాన్వెల్ అంటాడు. రైతు పేరు అలీ హఫీద్, పర్షియావాడు. ఉండేది సింధు నదికి దగ్గర్లో. వజ్రాల ఆశ పెట్టింది ఒక బౌద్ధ సన్యాసి. దూకింది బార్సిలోనాలో. దొరికింది గోల్కొండ గని! సింధు ఎక్కడ, కృష్ణ ఎక్కడ? గోల్కొండలో అసలు గనే లేదు. అది కోట, వజ్రాల బజారు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల లాంటి ఊళ్లలో ఉండేవి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కొల్లూరు వెళ్లి, ఆడా మగా పిల్లా పీచూ కలిపి 60,000 మంది అక్కడ పని చేస్తున్నారని రాశాడు. వాళ్లెవరూ ఒంటెకు నీళ్లు పెట్టబోయి రాయి చూసినవాళ్లు కారు. మట్టి తవ్వి, మోసి, కడిగి, జల్లించి, దొరికింది దొరలకు అప్పగించిన కూలీలు. ఆ కొల్లూరు గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

కాన్వెల్ సమాధి టెంపుల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది. జానీ రింగ్‌కూ అక్కడ విగ్రహం పెట్టారు.

మన వైపు వజ్రాల వెతుకులాట ఇంకా ఆగలేదు. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లోకి, అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. సద్దిమూటలతో వచ్చి, చెట్ల కిందా బడుల వరండాల్లోనూ పడుకుని, పొద్దున్నే ఎర్రమట్టిలో వంగి వెతుకుతారు. వాళ్లలో చాలామందికి సొంత పొలం ఉండదు. ఉన్న ఊరు వదిలి, పరాయి చేలో వెతికి, ఏ కొద్దిమందో నిజంగానే రాయి పట్టుకుంటారు. పొలం సొంతదారుకేమో ఆ సమయానికి విత్తనం పడాలి. అందుకే కొందరు రైతులు గట్టు మీద బోర్డు పాతుకుంటారు, వజ్రాల కోసం మా చేలోకి రావద్దని.